పదిహేడున్నర ఎకరాల ఆట



సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చే పిల్లలు ఫోన్లలో చూపించే వీడియోల్లో ఈ మధ్య ఒక కొత్తరకం ముచ్చట కనిపిస్తోంది. టెక్సాసులోనో జార్జియాలోనో ఊరిబయట ఖాళీ బయలు. చెవులకు డిప్పలు, కళ్లకు అద్దాలు పెట్టుకున్న నలుగురైదుగురు స్నేహితులు. ఒకడు ‘పుల్’ అని కేక వేస్తాడు. నారింజరంగు బిళ్ల ఒకటి సర్రున గాల్లోకి లేస్తుంది. తుపాకి పేలుతుంది, బిళ్ల పొడిపొడి అయిపోతుంది. చూస్తున్నవాళ్లంతా ఈలలు వేస్తారు. దీన్నే క్లే పిజన్ షూటింగ్ అంటారు. ఆడేవాళ్లు ముద్దుగా క్లే అంటారు, ఆ బిళ్లను విసిరే సాధనాన్ని త్రోయర్ అనో ట్రాప్ అనో అంటారు.

మా బంధువుల అబ్బాయి ఒకడు నరసరావుపేట దగ్గర వ్యవసాయం చూసుకుంటాడు. ఈ వీడియోలు చూసి వాడికీ సరదా పుట్టింది. వాళ్లింట్లో తాతగారి హయాం నుంచి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకి ఒకటి ఉంది. ఎన్నికలొచ్చినప్పుడు పోలీసు స్టేషనులో అప్పగించి రావడానికి తప్ప అది బీరువా దాటి బయటికి రాదు. “బాబాయ్, మనమూ ఒక త్రోయర్ తెప్పిద్దాం. ఏ రకమైతే మంచిదో నువ్వు చెప్పు” అన్నాడు. నేను నోరు తెరిచేలోగానే, నవారు మంచం మీద కూర్చుని పత్తి కూలీల లెక్క చూసుకుంటున్న వాళ్ల నాన్న తలెత్తకుండా అడిగాడు: “ముందు ఏ పొలంలో పెడతావో చెప్పరా అబ్బాయ్.”

నిజానికి ఈ సరుకు ఎంచుకోవడంలో అంతకన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న లేదు. అమ్మేవాళ్లు మాత్రం దాని జోలికి పోరు. ఇంత దూరం విసురుతుంది, గంటకు ఇన్ని విసురుతుంది, ఇన్ని బిళ్లలు పడతాయి అంటారు. అవన్నీ యంత్రం సంగతులు. పెట్టే నేల సంగతి మనమే చూసుకోవాలి.

ముందు ఆ బిళ్ల ఏమిటో చూద్దాం. పేరుకు క్లే గానీ అందులో మట్టి లేదు. సున్నపురాయి పొడిని తారులాంటి జిగురు పదార్థంతో కలిపి, వేడిగా అచ్చుపోసి చల్లారుస్తారు. అంతర్జాతీయ పోటీల్లో వాడేది 110 మిల్లీమీటర్ల వెడల్పు, ఇంచుమించు 105 గ్రాముల బరువు. బోర్లించిన మూతలాగా పైన డొప్పగా, లోపల గుల్లగా ఉంటుంది. విసిరితే చెక్కుచెదరకూడదు, నాలుగు సీసపు రవ్వలు తగిలితే పగలాలి. ఈ రెండూ కుదరాలి కాబట్టే ఆ సున్నపురాయి, ఆ తారు. మన పిడుగురాళ్ల సున్నపురాయి దేశంలో ఎక్కడెక్కడికో పోతుంది. బిళ్లలు మాత్రం దూరం నుంచి తెప్పించుకుంటే దారిలో కొన్ని పగులుతాయి. ఆ ఖర్చు కూడా త్రోయర్ ధరలో కలిపి చూసుకోవాలి. యంత్రం ఒక్కసారి కొంటాం, బిళ్లలు ఎప్పుడూ కొంటూనే ఉంటాం.

ఈ బిళ్ల రాకముందు ఈ ఆట ప్రాణమున్న పావురాలతోనే నడిచేది. పెట్టెలో పావురాన్ని పెట్టి, తాడు లాగితే మూత తెరుచుకునేది. పక్షి ఎగిరేది, కాల్చేవాళ్లు. 1900లో పారిస్ ఒలింపిక్స్ సమయంలో కూడా పావురాలను కాల్చే పోటీ జరిగింది. అమెరికాలో బోగార్డస్ అనే షూటరు పావురాల బదులు గాజు బంతులు విసిరే సాధనం తెచ్చాడు. ఆ గాజు ముక్కలు నేలంతా పరుచుకుంటే అదొక తలనొప్పి. 1880లో సిన్సినాటికి చెందిన జార్జ్ లిగౌస్కీ కాల్చిన మట్టితో చేసిన బిళ్లకు పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో ఆ మట్టి మరీ గట్టిపడి, రవ్వ తగిలినా ఖంగుమని మోగి ఊరుకునేదట. అందుకే తర్వాత సున్నపురాయీ తారూ వచ్చాయి. ఇంగ్లండులో 1921లో చట్టం చేసి బతికున్న పావురాల మీద కాల్పులు ఆపించారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కౌజునీ పూరేడునీ కొట్టడం నేరం. ఆ చట్టానికి ముందు రోజుల కథలు చెప్పే పెద్దవాళ్లు పల్నాడులో ఇంకా ఉన్నారు. ఆ కథలు విని ఎవరూ తుపాకి బుజాన వేసుకోవద్దు.

ఇక విసరడం దగ్గరికి వద్దాం. ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. జొన్న చేలో మంచె ఎక్కి వడిసెల తిప్పినవాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉండే ఉంటారు. తాడు ఒక కొస వేలికి తగిలించుకుని, రెండో కొస బొటనవేలి కింద పట్టుకుని, నడుమ పట్టీలో మట్టిబెడ్డ పెట్టి, తల చుట్టూ గిరగిర తిప్పి అదను చూసి ఒక కొస వదిలేసేవారు. చేయి పొడవు చాలదు కాబట్టి తాడుతో పొడిగించుకోవడమన్నమాట. త్రోయర్ చేసేదీ ఆ పనే. తాడు బదులు ఇనప చేయి, మన రెక్క బలం బదులు స్ప్రింగు. మన చేలలో జొన్న పోయి పత్తీ మిరపా వచ్చాక పిట్టలను అదిలించే పని తగ్గింది, మంచెలు పోయాయి, వడిసెల పేరు కూడా ఈ కాలం పిల్లలకు తెలియదు. లేకపోతే ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో నేను ఇంతసేపు చెప్పనక్కర్లేదు.

ఒక్క తేడా మాత్రం ఉంది. వడిసెల బెడ్డ ఎలా దొర్లినా ఫరవాలేదు. ఈ బిళ్ల మాత్రం తన చుట్టూ తాను గట్టిగా తిరుగుతూ పోవాలి, లేకపోతే గాల్లో తలకిందులై కూలిపోతుంది. అందుకని ఇనప చేతి అంచున రబ్బరు పట్టీ అంటిస్తారు. చేయి విసురుగా తిరిగేటప్పుడు బిళ్ల ఆ పట్టీ వెంబడి దొర్లుకుంటూ పోయి, ఆ దొర్లుడులో తిరుగుడు సంపాదించుకుని కొస నుంచి జారుతుంది. పాత త్రోయర్ ఎవరైనా అమ్ముతామంటే రంగు చూడకండి, ఆ రబ్బరు పట్టీ మీద వేలు పెట్టి రాసి చూడండి. అరిగి నున్నబడి ఉంటే బిళ్లలు ఊగిసలాడుతూ పోతాయి, సగం అక్కడే పగులుతాయి. స్ప్రింగు మెత్తబడిందని అనుకుని దాన్ని బిగించే కొద్దీ ఇంకా పగులుతాయి. జబ్బొకటైతే మందొకటి అన్నట్టు ఉంటుంది.

బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. చేత్తో పట్టుకుని విసిరే ప్లాస్టిక్ కర్ర మొదటిది. కొసన బిళ్ల ఇమిడే పట్టు ఉంటుంది, అంతే. చౌక. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. విసిరేవాడు కాల్చేవాడి పక్కన కొంచెం వెనగ్గా నిలబడి విసురుతాడు కాబట్టి తుపాకి ముందు మనిషి ఉండే ప్రసక్తి రాదు. ఒక గంట విసిరేసరికి బుజం పడిపోతుంది, బిళ్ల ఒకసారి పోయిన దారిన రెండోసారి పోదు. సరదాకి ఆడేవాళ్లకు అదీ ఒక మేలే అంటాను నేను. ఏ దారిన వస్తుందో ముందే తెలిస్తే సాధన ఏముంది?

రెండో రకం స్ప్రింగుతో పనిచేసే చేతి ట్రాపు. మూడు కాళ్ల స్టాండు మీదో, నేలలో దిగేసిన మేకు మీదో, పలకకు బిగించో పెడతారు. ఇనప చేతిని వెనక్కి లాగి కొక్కేనికి తగిలించాలి. ‘టక్’ మంటుంది. ఆ టక్ మన్న క్షణం నుంచి ఆ చేయి మనది కాదు, స్ప్రింగుది. ఈ ఆటలో ఈ చేతితో దెబ్బలు తినేవాళ్లు ఉంటారు. మణికట్టు, మోకాలి చిప్ప, వంగి చూస్తే దవడ. కాబట్టి కొనేటప్పుడు నేను మొదట చూడమనేది రెండే. చేతిని లాగి పెట్టాక అది జారకుండా ఆపే రెండో కొక్కెం, అంటే సేఫ్టీ, ఉందా? బిళ్లను వెనక నుంచి పెట్టేట్టుగా ఉందా, లేక చేయి తిరిగే దారికి అడ్డంగా మన చేయి చాచాల్సి వస్తుందా? రెండోదైతే ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. విడుదల చేసే తాడు మాత్రం ఎంత పొడవుంటే అంత మంచిది. తాడు లాగేవాడు కాల్చేవాడి వెనక నిలబడగలగాలి. జానెడు తాడు ఇచ్చి, ముందుకు వెళ్లి కూర్చుని లాగమనే రకాలూ ఉన్నాయి. అలాంటివాటికి అడ్డుగోడ కట్టుకుంటే గాని వాడకూడదు.

మూడోది కరెంటుది. మోటారు చేతిని లాగుతుంది, పైన గొట్టంలో పేర్చిన బిళ్లలు ఒక్కొక్కటే జారి చేతి మీద పడతాయి. కాలితో మీట నొక్కినా, రిమోటు నొక్కినా బిళ్ల లేస్తుంది. చాలావరకు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. ట్రాక్టరు బ్యాటరీకి తగిలించుకోవచ్చు కదా అని మా వాడికి తెగ సంబరం. ట్రాక్టరు బ్యాటరీ ఇంజను స్టార్టు చేయడానికి ఒక్కసారిగా బలం ఇచ్చే రకం. గంటల తరబడి పిండుకుంటే మర్నాడు పొలంలో ట్రాక్టరు తోసుకోవాలి. అది చిన్న సంగతి. పెద్ద సంగతి ఏమిటంటే, ఒక బిళ్ల విసిరాక మోటారు చాలా యంత్రాల్లో చేతిని మళ్లీ లాగి పట్టి ఉంచుతుంది. స్విచ్చి ఆపితే మోటారు ఆగుతుంది, స్ప్రింగు ఆగదు. బ్యాటరీ తీసేసినా ఆ చేయి అలాగే కాచుక్కూర్చుని ఉంటుంది. ఇరుక్కున్న బిళ్లను తీద్దామని వేలు పెట్టినప్పుడు కొడుతుంది. తయారుచేసినవాళ్లు కాగితంలో రాసిన పద్ధతి ప్రకారం చేతిని వదిలించాకే దగ్గరికి వెళ్లాలి. ఆ కాగితం చదివే ఓపిక లేనివాళ్లు కరెంటు త్రోయర్ జోలికి పోకపోవడమే మంచిది. చుట్టూ వలయంలా ఇనప కడ్డీ ఉన్నది కొంటే ఇంకా నయం. ఆ కడ్డీ హద్దు గుర్తుచేస్తుంది.

ఈ మూడూ కాక టీవీలో చూసే పెద్ద వ్యవహారం ఒకటుంది. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు షూటరు కైనాన్ చెనాయ్ ట్రాప్ అనే పోటీలో కాంస్యం తెచ్చాడు. పృథ్వీరాజ్ తొండైమాన్, జొరావర్ సింగ్ సంధుతో కలిసి జట్టుకు బంగారం కూడా తెచ్చాడు. 2016లో రియో ఒలింపిక్స్‌లోనూ ఆడాడు. ఈ ఆటలో మన దేశానికి దారి వేసింది బికనీరు మహారాజా కర్ణీసింగ్. ఆయన 1962లో కైరో ప్రపంచ పోటీల్లో రజతం గెలిచారు, అయిదు ఒలింపిక్స్ ఆడారు. రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ 2004 ఏథెన్స్‌లో డబుల్ ట్రాప్ రజతం తెచ్చాక షాట్‌గన్, అంటే రవ్వల తుపాకి, అనే మాట మన పత్రికల క్రీడల పేజీకి అలవాటైంది. తెలుగు నేల మీద ఈ ఆటకు సరైన ఏర్పాట్లున్న చోటు హైదరాబాదు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ వైపున్న షూటింగ్ రేంజిలో షాట్‌గన్ పోటీలు జరుగుతాయి. కైనాన్ లాంటివాళ్లు ఆడే ఒలింపిక్ ట్రాప్‌లో కాల్చేవాళ్లకు ముందు 15 మీటర్ల దూరాన నేలలో కందకం ఉంటుంది, అందులో 15 యంత్రాలుంటాయి. కాల్చేవాళ్లు నిలబడే స్థానాలు అయిదు, ఒక్కొక్క స్థానానికి మూడు యంత్రాలు. ఆ మూడింటిలో ఏది విసురుతుందో కాల్చేవాడికి తెలియదు. వాడి గొంతు మైకులో పడీపడగానే బిళ్ల లేస్తుంది, దాని దూరం 76 మీటర్లకు అమర్చి ఉంటుంది. పాతిక బిళ్లలు ఒక రౌండు, అర్హత పోటీలో మొత్తం 125.

ఇది చూసి 76 మీటర్లు విసిరే యంత్రమే కావాలని పట్టుబట్టేవాళ్లున్నారు. అమెరికాలో వారాంతపు సరదాగా ఆడే మామూలు ట్రాప్‌లో బిళ్లను 50 గజాలకే విసురుతారు, అంటే 46 మీటర్ల దాపు. లక్షలమంది దానితోనే తృప్తిపడుతున్నారు. కొత్తగా నేర్చుకునేవాడికి ఒలింపిక్ వేగం పెడితే తుపాకి బుజానికి ఆనేలోగా బిళ్ల నేల మీద ఉంటుంది. దూరం పెరిగే కొద్దీ స్ప్రింగు గట్టిది కావాలి, స్ప్రింగు గట్టిదయ్యే కొద్దీ ఆ చేతి దెబ్బ గట్టిది. ఆమాత్రం చాలు, చౌకలో చిన్నది కొనడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు.

ఇప్పుడు వాళ్ల నాన్న అడిగిన ప్రశ్నకు వద్దాం. ఏ పొలంలో?

బిళ్ల 46 మీటర్లలో పడిపోతుంది. సీసపు రవ్వలు అక్కడ ఆగవు. క్లేకి వాడే సన్న రవ్వ పైకెత్తి కాలిస్తే దగ్గర దగ్గర 200 మీటర్ల దాకా పోయి రాలుతుంది. గాలి వాటం, పొరపాటు కోణం కలుపుకుని, రేంజిలు కట్టేవాళ్లు ముందువైపు 275 నుంచి 300 మీటర్ల దాకా మనుషులు తిరగని నేల ఉంచుకుంటారు. సరే, మనం కూడా 300 మీటర్లే అనుకుందాం. తుపాకి ఎటు తిరిగినా పావు వలయం దాటదని గట్టిగా కట్టడి చేసుకున్నాం అనుకుందాం. లెక్క వేస్తే ఆ ముక్క 70,000 చదరపు మీటర్ల పైమాట. మన భాషలో పదిహేడున్నర ఎకరాలు. అర వలయం కావాలంటే 35 ఎకరాలు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం మైదానంలో పదిహేడున్నర ఎకరాలు ఒక్క చెక్కగా, మధ్యలో డొంక లేకుండా, కాలవ గట్టు లేకుండా, ఇంకొకరి బోరు మోటారు లేకుండా ఎవరికుందో చెప్పండి. ఉన్నా, ఆ నేల ఖాళీగా ఉండే రోజులెన్ని? అక్టోబరు నుంచి సంక్రాంతి దాటేదాకా పత్తి తీసేవాళ్లు వరసల మధ్య నడుం వంచుకుని ఉంటారు. మొక్క నడుమెత్తు పెరిగి ఉంటే తల కూడా కనిపించదు. ఆ తర్వాత మిరప కోతలు. ఫిబ్రవరి నుంచి కళ్లాలు. పగలూ రాత్రీ కళ్లం దగ్గర కాపలా పడుకునేవాళ్లు ఉంటారు.

అందుకని, తుపాకి సంగతి తర్వాత చూద్దాంగాని, త్రోయర్ ఎంచుకోవడంలో ఈ లెక్క చేసే పని ఒకటుంది. కరెంటు యంత్రాల్లో పక్కపక్కలకు ఊగే పీఠం ఉన్నవి ఖరీదెక్కువ. బిళ్ల ఎటు పోతుందో తెలియకుండా అటూ ఇటూ తిరుగుతుంటుంది, మజాగా ఉంటుంది. అది ఊగే కొద్దీ తుపాకీ దాని వెంట ఊగుతుంది, ఎకరాలు పెరుగుతూ పోతాయి. మన నేల మీద స్థలం చాలనివాడు ఊగే పీఠానికి డబ్బు పోయకూడదు. ఒకే దిక్కున కదలకుండా విసిరేది, కోణం బిగించాక జరగనిది కావాలి.

జరగనిది అన్నాను కదా, అక్కడ మన రేగడి అడ్డం వస్తుంది. విదేశీ త్రోయర్లతో వచ్చే మేకు అక్కడి పచ్చిక నేలకు పనికొస్తుంది. వేసవిలో మన నల్లరేగడి చేయి దూరేంత నెర్రెలిచ్చి ఉంటుంది. మేకు దిగేస్తే దిగుతుంది, పది బిళ్లలు విసిరేసరికి కదిలి కోణం మారిపోతుంది. వానకు అదే నేల బంక అయి యంత్రం కాళ్లను మింగుతుంది. మూడు కాళ్ల స్టాండు తీసుకుని, దాన్ని మందమైన చెక్క పలకకు బోల్టులతో బిగించి, పలక మీద యూరియా సంచుల్లో ఇసుక నింపి నాలుగు మూలలా వేస్తే అది కదలదు. రాతి క్వారీ గుంటల్లో పెట్టుకుంటే గోడ అడ్డం ఉంటుంది కదా అని కొందరంటారు. చీమకుర్తి గ్రానైటు లాంటి గట్టి రాతి గోడకు తగిలిన సీసపు రవ్వ తిరిగొస్తుంది. గోడ దగ్గరగా ఉంటే ఆ రాక ఎటో చెప్పలేం. వద్దు.

బిళ్లల విషయంలో రెంటచింతల ఎండను మరిచిపోకూడదు. తారుతో చేసిన సరుకు కదా, వేసవిలో టిన్ను రేకుల కొట్టంలో పెడితే మెత్తబడి, కింద వరస బిళ్లలు వంగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అలా అతుక్కున్నవి కరెంటు త్రోయర్ గొట్టంలో ఇరుక్కుంటాయి, ఇరుక్కుంటే ఎవరో ఒకరు వేలు పెడతారు. మిర్చికి కోల్డు స్టోరేజీ ఉన్న ఊళ్లలో బిళ్లలకు కనీసం వేపచెట్టు నీడ అయినా చూపించకపోతే ఎలా?

తరవాత మిగిలే చెత్త. పోటీల తూటాలో 24 గ్రాముల సీసం ఉంటుంది. పాతిక కాలిస్తే 600 గ్రాములు, నలుగురు ఆడితే ఒక్క పూటలో 2 కిలోల 400 గ్రాములు నేలలో కలుస్తుంది. సీసం కుళ్లదు, మాయమైపోదు. తారు బిళ్లల ముక్కలు తిన్న పందులు చచ్చిన సంఘటనలు పశువైద్యుల పుస్తకాల్లో ఉన్నాయి. మన గేదెలు పోరంబోకులో దేన్ని వదిలిపెడతాయో మీకు నేను చెప్పాలా? తారు లేకుండా చేసిన బిళ్లలు కూడా వచ్చాయి, అవి కొంచెం ప్రియం. దొరికితే అవే తీసుకోండి. ఇక మిరప కళ్లం దరిదాపుల్లో ఈ ఆట ఊహే వద్దు. ఆరబోసిన తేజ కాయలో నారింజరంగు పెంకు, సీసపు రవ్వ కనిపిస్తే గుంటూరు యార్డులో ఆ టిక్కీని, అంటే మిర్చి బస్తాను, ఎవడు కొంటాడు? కొన్నవాడి దగ్గర మన ఊరి పేరు ఏమవుతుంది?

చివరగా చట్టం సంగతి. త్రోయర్ తుపాకి కాదు. ఎదుట నిలబెట్టేది మాత్రం తుపాకినే. 1959 ఆయుధ చట్టం కింద 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న షాట్‌గన్‌కు ఆత్మరక్షణ కోసమో క్రీడ కోసమో, నోట్లోంచి మందు దట్టించే తుపాకికి పంట కాపుదల కోసమో లైసెన్సు ఇస్తారు. నల్లమల అంచున ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు అడవిపందుల బాధ పడే రైతుల కోసం ఉన్నది ఈ రెండో రకం. పంట కాపుదలకని తీసుకున్న లైసెన్సు బిళ్లలు కాల్చుకోవడానికి కాదు. లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్లదే ఆ తుపాకి, ఇంటిల్లిపాదిదీ కాదు. మా వాడికి ఈ మాట చెప్పినప్పుడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకులే అన్నారు, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచారు. అదే సవరణలో పెళ్లిళ్లూ ఊరేగింపుల్లో సరదాకి కాల్చి ఎదుటివాళ్ల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో అన్నారు. పొలంలో సరదాగా నాలుగు బిళ్లలు అనుకునేవాళ్లు ముందు లైసెన్సు ఇచ్చిన అధికారిని అడిగి, ఆయన రాసిచ్చింది చేతిలో పట్టుకున్నాకే త్రోయర్ బేరమాడాలి. చాలామందికి ‘రేంజికి వెళ్లండి’ అనే జవాబే వస్తుంది. అదే సరైన జవాబు కూడా.

రేంజికి వెళితే త్రోయర్ కొనాల్సిన పనే లేదు కదా అంటారా? లేదు. ఈ ప్రసంగానికి అంశం అనుకున్నప్పుడే నాకు ఆ సంగతి తెలుసు. అయినా కొనేవాళ్లు కొంటారు. ఊళ్లో అయిదారుగురు లైసెన్సుదారులు కలిసి, అనుమతి తెచ్చుకుని, పంట లేని బీడు ఒక్క చెక్కగా దొరికించుకుని క్లబ్బులాగా పెట్టుకునేవాళ్లు ఎక్కడో ఒకచోట ఉంటారు. వాళ్లకు నేను చెప్పే సరుకు ఒక్కటే. స్ప్రింగుతో పనిచేసే చేతి ట్రాపు, ఒకే బిళ్ల విసిరేది, రెండో కొక్కెం ఉన్నది, మనిషి నిలువు కంటే రెండింతలు పొడవు తాడు తగిలించగలిగింది. దానితోపాటే స్పేరు స్ప్రింగూ స్పేరు రబ్బరు పట్టీ అప్పుడే కొనేయాలి. తర్వాత వెతికితే దొరకవు. మోటారు ఉన్నది పదిమందిని చూసుకునే రేంజికి వదిలేయండి. అక్కడ దానికి మెకానిక్కు ఉంటాడు.

ఆడే రోజు చెవులకు దూది చాలదు, సరైన డిప్పలే పెట్టుకోవాలి. పన్నెండు బోరు మోత పక్కనున్న పిల్లాడి చెవికీ మంచిది కాదు. పెంకులు ఎగిరి కంట్లో పడకుండా తాడు లాగేవాడికి కూడా అద్దాలు ఉండాలి. ఎర్రజెండా ఒకటి పాతి, అది నిలబడి ఉన్నంతసేపూ ముందుకు ఎవరూ అడుగు వేయకూడదు. గొర్రెల కాపరి ఒక్కడు గట్టు మీద కనిపించినా తుపాకుల గొట్టాలు వంచి తెరిచి, తూటాలు తీసి, వాడు దాటిపోయేదాకా ఆగాలి. ఆడటం అయ్యాక పెంకులు ఏరి సంచికెత్తుకోండి. దుక్కి లోతున పడితే ఆ తర్వాత దొరకవు. ట్రాపు చేతిని ఖాళీగా వదిలించి, స్ప్రింగు విప్పేసి, యంత్రాన్ని కొట్టంలో పెట్టండి. స్ప్రింగును మాత్రం వేరే సంచిలో ఇంట్లోకి తెచ్చుకోండి. ఎండాకాలం సెలవుల్లో కొట్టంలోకి వెళ్లే మనవలకు ఆ ఇనప చేయి ఏమిటో తెలియదు.